గాయని కోసం ఏడ్చిన కళ్లు

పేరున్న మనుషులు పోయినప్పుడు నాకు బాగా ఏడుపొస్తుంది. ఈ మాట రాయడానికే సిగ్గుగా ఉంది. సినిమా నటుడు పోయినా, కథలు రాసే పెద్దాయన పోయినా పేపర్లో బొమ్మ కత్తిరించి డైరీలో అంటించుకుంటాను. కింద నాలుగు మాటలు రాసుకుంటాను. రాయచూరులో ఇదేమీ వింత కాదు. తెలుగు నటుడైనా కన్నడ నటుడైనా, పోయిన మర్నాటికి మా బజారు మూలన ఫ్లెక్సీ లేస్తుంది. దానికో దండ, ముందర కర్పూరం. పూలకు ఉర్దూలో బేరమాడి, శ్రద్ధాంజలి కన్నడలో రాయించి, తెలుగులో బాధపడతారు మా వాళ్లు. కొన్నాళ్లకు ఆ ఫ్లెక్సీని ఎవరో విప్పి వడ్ల బస్తాల మీద కప్పుకుంటారు. అక్కడికి అయిపోతుంది. నాకు మాత్రం అంత తొందరగా తీరదు.

ఒక గాయని పాటలంటే నాకు ప్రాణమని ఇంట్లో ఎవరికీ తెలియదు. నలుగురిలో నోరు విప్పలేని నాకు ఆమె గొంతే స్నేహితురాలు. ఆమె పోయిందన్న వార్త ఒకరోజు పొద్దున ఫోన్లో చూశాను. మధ్యాహ్నం గది తలుపు వేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఒక పాట తర్వాత ఒక పాట వింటూ ఏడ్చాను. సరిగ్గా ఆ వేళకే గోడ అవతల పక్కింటి తాత ప్రాణం పోయింది. మా రెండిళ్లకూ గోడ ఒకటే. ఆయన భార్య, మేమంతా అవ్వా అని పిలిచే ఆమె, పెట్టిన మొదటి కేక వీధి చివరి వాళ్లక్కూడా వినబడిందట. నాకు వినబడలేదు.

తాతది బజారులో గోనె సంచుల దుకాణం. నేను కాలేజీకి పోతుంటే గద్దె మీది నుంచి పిలిచేవాడు. "ఏం బిడ్డా, గా సంచిల ఏం పుస్తకాలున్నయ్? ఒకటి నాకియ్యరాదు. బేరాలు లేవు, సదువుకుంట కూసుంట." నేను తల వంచుకుని నవ్వి దాటిపోయేదాన్ని. ఒక్కసారైనా నిలబడి జవాబు చెప్పిన గుర్తు లేదు. తర్వాత ఆయన పక్షవాతంతో మంచాన పడ్డాడు. చూసి రమ్మని అమ్మ ఎన్నిసార్లు చెప్పినా రేపు వెళ్తాననేదాన్ని. పాటలు పాడేవాళ్లకు, పుస్తకాలు రాసేవాళ్లకు జవాబు చెప్పక్కర్లేదు. వాళ్లను ప్రేమించడం అందుకే నాకు సులువు.

అమ్మ తలుపు బాదితే లేచాను. "తాత పోయిండే. నీకు చెవులున్నయా లేవా? నడువు, అవ్వ తాన కూసుందువు," అంది. నా ముఖం చూసి గొంతు తగ్గించింది. "ఎవరు చెప్పిన్రు నీకు?" నేను చున్నీ సర్దుకుని ఆమె వెనకే నడిచాను.

పక్కింటి వసారాలో తాతను పడుకోబెట్టారు. మా దిక్కు చావింటికి వచ్చిన ప్రతి ఆడమనిషీ ఇంటామెను పట్టుకుని గొంతెత్తి ఏడుస్తుంది. ఎవరి కళ్లు తడిశాయో, ఎవరివి తడవలేదో అందరూ గమనిస్తారు. అవ్వ నా కళ్లు చూసింది. రెండు చేతులతో నా తల ఎదకు అదుముకుంది.

"సూడుండ్రి, ఈ పిల్ల కండ్లు సూడుండ్రి! ఏడ్సి ఏడ్సి ఎట్ల వాసినయో! నీ తాత పోయిండు గద బిడ్డా!"

అప్పుడే చెప్పాల్సింది. శవం ముందు ఆ మాట ఎలా చెప్పను అనుకున్నాను. అది సగం నిజం. అంతమందిలో నన్ను మంచిపిల్ల అనుకోవడం లోలోపల నాకు బాగుంది. అది మిగతా సగం.

చావింట్లో పొయ్యి వెలిగించరు. ఆ మొదటి రోజుల్లో ఇరుగుపొరుగు వాళ్లే వంతుల మీద అన్నం పంపుతారు. మా వంతు వచ్చినా రాకపోయినా అవ్వ నన్నే పిలిపించేది. జొన్నరొట్టె తుంచి పప్పులో అద్ది నేను పెడితేనే తినేది. అంతవరకైతే నేను మోయగలిగేదాన్నేమో. కానీ వచ్చిన ప్రతి చుట్టానికీ నన్ను చూపించి, ఆ వెంటనే కోడలి వైపు తిరిగేది.

"పక్కింటి పిల్ల. ఏ సుట్టరికం లేదు. కడుపుల పుట్టినట్ల ఏడ్సింది. మా ఇంట్ల ఒకతున్నది, కంట్ల సుక్క రాలే."

ఆ కోడల్ని నేను వదినా అంటాను. ఆమె వినబడనట్టు గిన్నెలు తోముతూ ఉండేది. మంచంలో ఉన్న తాత నోట్లో ముద్ద పెట్టింది ఆమె. ఆయన పక్కబట్టలు రోజూ ఉతికి ఆరేసింది ఆమె. దండెం మీద ఆ దుప్పట్లు నేను కిటికీ దగ్గర చదువుకుంటూ చూసేదాన్ని. చుట్టాల ఆడవాళ్లు ఇప్పుడు ఆమెను ఎగాదిగా చూస్తున్నారు. "పీడ వోయిందనుకున్నదేమో," అని ఒకావిడ నా చెవిలో గొణిగింది. నేను అవ్వ కోసం ఇంకో రొట్టెముక్క తుంచాను.

కర్మ రోజున ఆడవాళ్లంతా వెనక గదిలో కూరగాయలు తరుగుతున్నారు. వదిన గంజి వారుస్తుంటే చేతి మీద ఒలికింది. "అబ్బా!" అంది. అవ్వ గోడకు ఆనుకున్న చోటి నుంచే అందుకుంది.

"చెయ్యి కాలితే వస్తయి నీకు కండ్లల్ల నీళ్లు. మామ సస్తే రాలే."

వదిన చెయ్యి నీళ్ల బకెట్లో ముంచి, నా వైపు ఒకసారి చూసింది. బాగా అలిసిపోయిన చూపు.

"అవ్వా, నేను ఏడ్సింది తాతకు కాదు," అన్నాను.

కత్తిపీటలు ఆగిపోయాయి. నలుగురి ముందు నా గొంతు అంత పెద్దగా రావడం నేనెప్పుడూ వినలేదు.

"గా దినం పాటలు పాడేటామె పోయింది. ఫోన్ల సూసి ఆమె కోసం ఏడ్సిన. తాత పోయిండని అప్పటికి నాకు తెల్వనే తెల్వదు."

"టీవీల సచ్చినోళ్లకా?" అంది చెవిలో గొణిగిన ఆవిడే. "గట్లయితే దినాం ఒక పిండం పెట్టాలె మనం!"

అందరూ పకపకా నవ్వారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూపులు చూసింది. అవ్వ నవ్వలేదు. నా కళ్లలోకే చూసింది.

"అంటే మా ఆయనకు బయటోళ్లు ఎవ్వరు ఏడ్వలేదన్నట్టు," అంది.

గోడ వైపు తిరిగి పడుకుంది. ఇంటివాళ్లు కాని మనిషి ఒకరు తన భర్త కోసం ఏడ్చారన్న మాటను పట్టుకునే ఆమె ఇన్నాళ్లూ అన్నం మింగింది. అది నాకు అప్పటిదాకా తట్టలేదు.

పెరట్లోకి వెళ్లి నిలబడ్డాను. వదిన వచ్చింది. కాలిన చేతికి వెన్న రాసుకుని ఉంది.

"నీ కోసమే చెప్పిన వదినా."

"నా కోసమా? నేనడిగిన్నా నిన్ను?" అంది. గొంతు పెంచలేదు. "ఇంకో నాల్గు దినాలు తిట్టి ఊకుంటుండె. తిట్టనీకన్న లేసి కూసుంటుండె ముసల్ది. ఇప్పుడు సూడు, ఎట్ల పండిందో. నీ కడుపుల బరువు దిగింది గద, మంచిగుంది."

నిజంగానే నాకు కొంచెం తేలిగ్గా ఉంది, అదే అన్నిటికన్నా సిగ్గుగా ఉంది.

వదిన లోపలికెళ్లి కంచంలో అన్నం పెట్టి తెచ్చి నా చేతికిచ్చింది. "పో, తినిపియ్యి. నేను పెడితే తినదు." వెళ్లి అవ్వ వీపు వెనక కూర్చున్నాను. పిలిచాను. ఆమె తిరగలేదు. తాత గురించి ఏదైనా మంచి మాట చెబుదామని వెతుక్కున్నాను. ఆ గాయని ఏ ఊళ్లో పుట్టిందో, మొదట ఎక్కడ పాడిందో అన్నీ చెప్పగలను. గోడ అవతలి మనిషికి ఏ కూర ఇష్టమో కూడా నాకు తెలియదు. అన్నం చల్లారింది. వదిన వచ్చి కంచం తీసుకుంది. "లే. నువ్వు ఇంటికి పో," అంది.

చెప్పులు వెతుక్కుంటుంటే లోపలి నుంచి అవ్వ గొంతు వినబడింది.

"ఉప్పు ఎయ్యలేదేందే దీంట్ల?"

"ఏసిన అత్తా. తిను."

"నీ చెయ్యి ఎట్లుంది?"

వదిన ఏం చెప్పిందో వినకుండా, వీధిలో ఎవరి ముఖమూ చూడకుండా మా ఇంట్లోకి వెళ్లిపోయాను.