చెప్పులేసుకుని స్నానం చెయ్యమన్నాను

ఈ బరువును ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెబుతున్నాను. జాలిపడకండి. నా మీద జాలిపడేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మాది గుంటూరు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసి రెండంతస్తుల ఇల్లు కట్టాను. పైన మేము, కింద వాటా అద్దెకు. అద్దెకుండేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చులకన. గోడలకు మేకులు కొడతారు, మోటారు వేసి మరిచిపోతారు. పైపెచ్చు కుళాయి కారుతోందనీ, తలుపు పట్టేసిందనీ మెట్లెక్కి వస్తారు. ఒకటి బాగుచేయిస్తే నెత్తికెక్కుతారు.

మా బాత్రూములో పాత గీజరు ఒకటి ఉండేది. ఓ చలికాలం పొద్దున కుళాయి తిప్పబోతే చెయ్యి జివ్వుమని భుజం దాకా లాగేసింది. ఆ రోజే కొత్తది తెప్పించాను. నా ప్రాణం కదా! మరి పాతదాన్ని పారేశానా? కింద వాటాలో బిగించమన్నాను. టులెట్ బోర్డు మీద ‘గీజరు వసతి కలదు’ అని రాయించాను కూడా. ఎంత తెలివో చూడండి. థూ.

ఆ బోర్డు చూసి దిగారు పంతులుగారు. పర్చూరు వైపు మనిషి. పెళ్ళిళ్ళూ వ్రతాలూ చేయించి బతికేవారు. భార్య, ఆయన, అంతే. ఆయాసం ఉంది, చన్నీళ్ళు పడవు. చలి మొదలవగానే మెట్లెక్కి వచ్చారు.

“ఏమండీ, కుళాయి ముట్టుకుంటే షాక్ కొడుతోందండి. స్విచ్చి కట్టేసినా కొడుతోంది. ఆ గీజరు ఒకసారి చూపిస్తారా?”

“మాకెప్పుడూ కొట్టలేదే!” అన్నాను. చేతిలో కాఫీ గ్లాసు కూడా కింద పెట్టలేదు. “తడి చేతికి అలాగే అనిపిస్తుంది పంతులుగారూ. రబ్బరు చెప్పులేసుకుని చెయ్యండి, ఏం కాదు.”

ఆయన నవ్వారు. “చెప్పులేసుకుని మడిస్నానం ఎలా చేస్తానండీ?”

“అది మీ ఇష్టం.”

మార్చాలా వద్దా అని ఆలోచించలేదనుకునేరు. ఆలోచించాను. ఆయన చెయ్యి గురించి మాత్రం కాదు. ఇవాళ గీజరంటాడు, రేపు సున్నమంటాడు, ఎల్లుండి ఇంకోటంటాడు అని. డబ్బు లేకనా? ఆ ఏడాది మిర్చికి మంచి రేటే పలికింది. అద్దెకున్నవాడి మాట నెగ్గకూడదు, అంతే. ఆయనేమో, ఇంటాయనే చెప్పాడు కదా అని నా మాట నమ్మారు.

కార్తీకమాసంలో ఒక తెల్లవారుజామున ఆవిడ కేక వినిపించింది. నేను దిగేసరికి ఆయన బాత్రూము గడప దగ్గర పడి ఉన్నారు. ప్రాణం పోలేదు. కుడి మణికట్టు వంకర తిరిగిపోయింది. వాళ్ళను ఆటోలో ఆసుపత్రికి పంపించి, తిరిగొచ్చేలోగా పాత గీజరు ఊడదీయించి కొత్తది బిగించాను. ఎవరైనా దాన్ని ముట్టుకుని చూస్తారని భయం. వీధిలో అడిగినవాళ్ళకు సబ్బు మీద కాలు జారిందని చెప్పాను. నిజంగా ఏం జరిగిందో పంతులుగారికే సరిగ్గా గుర్తులేదు. వీధి వీధంతా, ఓనరంటే అలా ఉండాలి, అడిగీ అడగకముందే కొత్త గీజరు పెట్టించాడు అని మెచ్చుకుంది. వెర్రిబాగుల జనం. నేను కాదన్నానా? మీసం దువ్వుకున్నాను.

ఎముక అతుక్కుంది గానీ చెయ్యి తిరగలేదు. అక్షింతలు వెయ్యాలన్నా, తీర్థం ఇవ్వాలన్నా కుడి చెయ్యే కావాలి. ఎడం చేత్తో ఇచ్చే పంతుల్ని ఎవరు పిలుస్తారు? ఒక్కొక్కరే మానేశారు. నేను పిలిచానా? మా ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి ఇంకో పంతుల్ని పిలిపించాను. కింద వాటాలో కూర్చుని ఆయన ఆ మంత్రాలన్నీ విన్నారు.

చివరికి ఇల్లు ఖాళీ చేసి ఒంగోలులో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు నాకు దణ్ణం పెట్టబోయారు. కుడి చెయ్యి సగం దాకానే లేచింది. “మీ మేలు మరిచిపోనండి,” అన్నారు. “అయ్యో, దానిదేముందండీ!” అన్నాను. సిగ్గులేని నోరు.

ఇప్పుడాయన ఉన్నారో లేదో తెలియదు. ఒంగోలు ఎంత దూరం? కనుక్కుంటే వెళ్ళాల్సి వస్తుందని కనుక్కోలేదు.

మొన్న, ఇప్పుడు కింద వాటాలో ఉంటున్న నర్సమ్మాయి మెట్లెక్కి వచ్చింది. “అంకుల్, గీజరు బాగా పాతదైపోయింది. కుళాయి పట్టుకుంటే చురుక్కుమంటోంది.”

“మాకెప్పుడూ...” అన్నాను.

అదే మాట. అదే గొంతు. ఇన్నేళ్ళు కుమిలిపోయానని మీ దగ్గర చెప్పుకుంటున్నానే, ఆ కుమిలిపోయిన పెద్దమనిషి నోటి నుంచే వచ్చింది! మిగతా సగం ఎలా ఆగిందో నాకే తెలియదు.

“కొడుతుందమ్మా,” అన్నాను. “నాకూ కొట్టింది. తెలిసే పెట్టాను.”

నేనంటున్నది ఎప్పుడో ఊడదీయించిన గీజరు గురించని తెలియక ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. “తెలిస్తే మార్పించండి మరి!” అని విసురుగా దిగిపోయింది.

ఇవాళ మార్పించాను. అదేం పుణ్యం కాదు. ఆ మాట వినాల్సిన మనిషి ఆ పిల్ల కాదు, మీరూ కాదు. అయినా ఇంకోసారి అంటాను, నా నోటికి అలవాటు కానివ్వండి. తెలిసే పెట్టాను.