మూడుసార్లు కొలిచిన చేను

మా ఆఫీసులో ట్యాబ్‌ను చంటిపిల్లలా గుడ్డలో చుట్టి తెచ్చుకునేది సోని ఒక్కతే. ఆమెది తిరుమలాయపాలెం దగ్గర తండా. పోడు భూముల సర్వే కోసం చర్ల వైపు కాంట్రాక్టు ఉద్యోగానికి వచ్చింది. పని ఏమిటంటే, అడవి అంచున సాగు చేసుకునేవాళ్ల చేల చుట్టూ ట్యాబ్ పట్టుకుని నడవాలి; నడిచిన మేర తెర మీద హద్దు గీత పడుతుంది. ప్రతి మూలలో రైతును నిలబెట్టి ఫొటో తీయాలి. అక్కడ సిగ్నల్ ఉండదు కాబట్టి అంతా ట్యాబ్‌లోనే దాచుకుని, చర్ల వచ్చాక పైకి పంపాలి. చెప్పుకోవడానికి ఇంతే. ఆ యాప్ తయారుచేసిన మహానుభావుడు ఒక్కసారి మా వాగులు దాటి ఉంటే నేనే ఎదురెళ్లి దండ వేసేదాన్ని.

పగిడయ్య అనే కోయ ముసలాయన చేను వాగు అవతల ఉంది. గడువులోపు చేను రికార్డుకెక్కకపోతే అందులో అడవి మొక్కలు నాటేస్తారని ఆ ఊళ్లో భయం. సోని మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన తలకు ఉతికిన తువ్వాలు చుట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. చెప్పులు విడవమన్నాడు. విత్తనాల పండుగ చేసిన చేలోకి వాళ్లింట్లో ఎవరూ చెప్పులతో దిగరట. సోని వట్టికాళ్లతో ముళ్లు తొక్కుకుంటూ ఆయన వెంట తిరిగింది. ఫొటో తీసినప్పుడల్లా ఆయన వంగి చూసుకుని మురిసిపోయి, భార్య చిన్నక్కను కేకేసేవాడు.

"ఓ చిన్నక్కా, గిటు రా! నేనెట్లున్ననో చూడు."

సాయంత్రం చర్ల చేరగానే సిగ్నల్ అందింది. అందడంతోనే యాప్ తనంతట తాను కొత్తగా మారిపోయి, లోపల ఉన్నదంతా ఊడ్చిపెట్టింది. సోని ముఖం చూసి నాకు భయమేసింది.

"మళ్లొక్కసారి పోయి రా, దానికేంది?" అన్నారు మా శ్రీనివాస్ సారు, ఫ్యాన్ కింద నుంచి కదలకుండానే.

రెండోసారి వెళ్లింది. ఈసారి పంపుతుండగా సర్వర్ ఆగిపోయింది. సగం ఎక్కిన చేనును ఫొటోలతో సహా తప్పు కింద జమకట్టి కొట్టేసింది. సోని బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఏడ్చి వచ్చింది. సారు గొంతు తగ్గించి, "ఇక్కడే కూసొని ఎవరిదన్న పాత ఫొటో పెట్టి గీతలు గీసెయ్యి. ఎవరు చూస్తరు?" అన్నారు.

"తాత నన్నడుగుతడు సార్, నా చేను దాంట్ల ఉందా అని. ఏమని చెప్పాలె?"

సారు ఫ్యాన్ వేగం ఇంకాస్త పెంచుకున్నారు. నాకైతే ఆ ఫ్యాన్ ఆపేయాలనిపించింది.

మూడోసారికి పగిడయ్య మంచం దిగలేకపోతున్నాడు. ఫొటోలో రైతే ఉండాలి. చుట్టాలంతా కలిసి జెట్టీ కట్టారు. జబ్బుపడ్డవాళ్లను దవాఖానాకు మోసుకుపోవడానికి మంచాన్ని కర్రకు వేలాడదీస్తారు చూడండి, అది. దవాఖానాకు పోవాల్సిన మనిషిని తన చేను చుట్టూ తిప్పారు. ప్రతి మూలలో దించి కూర్చోబెడితే, జారిపోయే తువ్వాలును చిన్నక్క సర్దింది, సోని ఫొటో తీసింది.

"ఈసారన్న పోగొట్టకు బిడ్డా. మళ్ల లేవలేను నేను," అన్నాడట పగిడయ్య.

మా దగ్గర అందరూ సిగ్నల్ కోసం ఫోన్లు పైకెత్తుకుని తిరుగుతారు. సోని ఆ రోజు సిగ్నల్ ఎక్కడ తగిలి యాప్ మళ్లీ అన్నీ ఊడ్చేస్తుందోనని నెట్ ఆపేసి, ట్యాబ్‌ను చున్నీలో చుట్టుకుని ఆఫీసుకు తెచ్చింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కళ్లు మూసుకుని నొక్కింది.

"రత్నమక్కా, నువ్వు చూడు. నేను చూడలేను."

చాలాసేపు చక్రం తిరిగింది. తర్వాత పచ్చ గుర్తు పడింది. తెర మీది ఫొటోలు ఒక్కొక్కటే మాయమై చేను గీత ఒక్కటే మిగిలింది. అట్లా ఖాళీ అయితేనే ఎక్కినట్టు. నేను అరిచిన అరుపుకు టీ కొట్టు అతను పరుగెత్తుకొచ్చాడు. సోని నా భుజం మీద తలపెట్టి నవ్వుతూ ఏడ్చింది.

ఆ మాట చెప్పడానికి ఆదివారం ఇద్దరం మిఠాయి కొనుక్కుని వాగు దాటాం. పగిడయ్య మంచం గోడకు నిలబెట్టి ఉంది. ఆయన పోయి అప్పటికి రెండు రోజులైంది. మిఠాయి పొట్లాన్ని ఎక్కడ దాచాలో నాకు తెలియలేదు.

చిన్నక్క మా దగ్గరకు వచ్చి కూర్చుంది.

"ఎక్కిందా బిడ్డా?"

"ఎక్కింది అవ్వా. ఇగ పోదు."

ఆమె తల ఊపింది. చేతులు కొంగుకు తుడుచుకుని ట్యాబ్ వైపు చాపింది.

"ఆయన బొమ్మ చూపియ్యి. దినాలనాడు పెడదామంటే ఇంట్ల ఒక్కటి లేదు."

సోని ట్యాబ్ తెరిచింది. పచ్చ గీత తప్ప అందులో ఏమీ లేదు. పైకి వెళ్లినవాటిని తెరిచి చూసే హక్కు మా ఆఫీసులో ఎవరికీ లేదు, సారుకు కూడా. సోని నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను.

చిన్నక్క ఆ గీత మీద వేలు పెట్టి, ఆయన్ను దించిన ఒక్కో మూలనూ తడిమింది.

"మూడుసార్లు తీస్తివి గదా బిడ్డా, ఒక్కటన్న మిగల్లేదా?"