లేవగానే మొదట కనిపించింది

కళ్ళద్దాలు తీసేస్తే నాకు ఈ ఊరు చాలా అందంగా కనిపించేది. లాలాగూడలో నాన్నకు ఇచ్చిన రైల్వే క్వార్టర్ డాబా మీద, సాయంత్రం పూట, నేనూ అక్కా పిట్టగోడకు ఆనుకుని నిలబడి ఇద్దరం ఒకేసారి అద్దాలు తీసేవాళ్ళం. దూరంగా పట్టాల దగ్గర సిగ్నల్ దీపాలు ఒక్కసారిగా ఉబ్బి లడ్డూలంత అయ్యేవి. ఎర్రవి, ఆకుపచ్చవి, వాటి వెనక వర్క్‌షాపు పసుపు దీపాలు. దేనికీ అంచు ఉండేది కాదు. చెట్లు ఆకాశంలోకి, ఆకాశం ఇళ్ళ మీదికి జారిపోతూ ఉండేవి. "గదేందో చెప్పు" అని అక్క వేలు చూపించేది. నేను ఏనుగు అనేదాన్ని. అక్క, కాదు, ఆరేసిన దుప్పటి అనేది. తీరా అద్దాలు పెట్టుకుని చూస్తే అది నీళ్ళ ట్యాంకు. ఈ ఆట సంగతి మేం ఎవరికీ చెప్పలేదు. మంచి కళ్ళున్న వాళ్ళకు చెప్పినా అర్థమయ్యేది కాదు.

అక్క నాకంటే మూడేళ్ళు పెద్ద. సైట్ మాత్రం ఇద్దరికీ దాదాపు ఒకటే. నేను ఏడో తరగతిలో ఉండగా నా అద్దాల మీద నేనే కూర్చుని విరగ్గొట్టుకున్నాను. కొత్తవి వచ్చేదాకా అక్క అద్దాలనే ఇద్దరం వాడుకున్నాం. అక్కది పదో తరగతి కాబట్టి బడిలో అక్కవి, ఇంటికొచ్చాక నావి అని ఒప్పందం. పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే అక్కకు అద్దాలు లేకపోయినా చదువు సాగిపోయేది. నాకు టీవీ చూడాలంటే అద్దాలు ఉండాల్సిందే. చదువు కంటే టీవీ ముఖ్యమని అప్పట్లో నాకు గట్టి నమ్మకం.

ఒక సాయంత్రం అమ్మ పాలు తెమ్మంటే అక్క నా ముందుకొచ్చి చెయ్యి చాపింది. టీవీలో కథ మంచి పట్టులో ఉంది. "ఐదు నిమిషాలు ఆగు" అన్నాను, తల తిప్పకుండానే. అక్క ఆగలేదు, అడగనూ లేదు, గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. తిరిగొచ్చేటప్పుడు సగం మూసి ఉన్న ఇనుప గేటు అక్కకు కనిపించలేదు. ఎడమ కంటి కింద చీరుకుపోయింది. రెండు కుట్లు పడ్డాయి. "నేనే సూసుకోలే" అని అమ్మతో చెప్పింది. అద్దాలు ఎవరి ముఖాన ఉన్నాయని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నా కొత్త అద్దాలు వచ్చాయి, అక్క గాయం మానింది, నేను ఆ సంగతి మర్చిపోయాను. మర్చిపోయాననే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

ఇప్పుడు అక్క మారేడ్‌పల్లిలో ఒక బడిలో లెక్కలు చెబుతోంది. పెళ్ళి వద్దనుకుంది. ఒక మేడ మీద రెండు గదుల్లో ఉంటుంది. నేను మా ఆయనతో నేరేడ్‌మెట్‌లో ఉంటాను. అక్క ఎప్పుడూ లావుపాటి నల్ల ఫ్రేమే వాడుతుంది. హెడ్మాస్టర్ ఫ్రేమ్ అని నేను ఏడిపిస్తాను. ఒకసారి సన్నటి బంగారు రంగు ఫ్రేమ్ కొనిస్తే దాన్ని బీరువాలో చీరల కింద దాచింది. "నాకు గిదే మంచిగున్నదే" అంది. పంతులమ్మ మొండితనం అనుకుని నవ్వుకున్నాను.

అద్దాల అవసరం పోయేలా కళ్ళకు లేజర్ ఆపరేషన్ చేయించుకోవాలన్న ఆలోచన అక్కదే. ఎండాకాలం సెలవుల్లో చేయించుకుంటానంది. ఇన్నేళ్ళకు ఇప్పుడెందుకని అడిగాను.

"పొద్దుగాల లేవంగనే, తలగడ కింద తడుముకోకుండ, ఎదురుంగ ఉన్నది కనిపియ్యాలె. గంతే" అంది.

ఇంత చిన్న కోరిక అక్క ఎన్నేళ్ళుగా దాచుకుందో అనిపించింది. తోడుగా కంటి ఆసుపత్రికి వెళ్ళాను. "ఎట్లాగూ వచ్చినవ్ గదా, నువ్వు సుత చూపించుకో" అని నా పేరు కూడా రాయించింది. ఇద్దరి కళ్ళల్లో చుక్కలు వేశారు. గడ్డం ఒక పీట మీద ఆనించి, ఒకదాన్లో ఒకటి ఉన్న గుండ్రటి వెలుగు గీతల్లోకి చూడమన్నారు. కంటి ముందుపొర ఎంత మందంగా ఉందో, ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం, అన్నీ రంగుల బొమ్మగా తెర మీదికి వచ్చాయి. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. నెమ్మదిగా చెప్పింది. లేజర్ ఆ పొరనే కొంచెం చెక్కి ఆకారం మారుస్తుందట. అక్కకు ఆ పొర పల్చగా ఉంది, చెక్కడానికి చాలదు. లోపల లెన్స్ పెట్టే మరో పద్ధతి ఉందంది. కంటి లోపల ఏదో పెట్టడమంటే వద్దని అక్క తల అడ్డంగా ఊపింది. తర్వాత డాక్టరమ్మ నా బొమ్మ వైపు తిరిగి, "మీకు మాత్రం హాయిగా చేయొచ్చు" అంది. నాకు తల ఎత్తాలనిపించలేదు.

ఆటోలో వస్తుంటే చుక్కల వల్ల ఎండ అంతా తెల్లగా పొంగి కనిపిస్తోంది. స్టేషన్ దాటాక అక్క నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు చేయించుకో."

"నాకొద్దక్కా. నాకు గిట్లనే బాగుంది."

"నీ కోసం చెప్తలేను. నా కోసం చేయించుకో. లేవంగనే అంతా సాఫ్‌గ కనిపిస్తే ఎట్లుంటదో నాకు చెప్పాలె. నువ్వు చెప్తే నేను సూసినట్టే."

నాకు కోపం వచ్చింది. నాకెంతో ఇష్టమైన ఆ మసక లోకాన్ని ఇచ్చెయ్యమని అడుగుతోంది, అదీ తనకు దక్కనిదాని కోసం. కానీ అక్క చెయ్యి చాపి నన్ను ఏదైనా అడగడం ఆ పాల గిన్నె సాయంత్రం తర్వాత అదే మొదటిసారి. సరే అన్నాను.

ఆపరేషన్ రోజు కాటుక, సెంటు ఏదీ వద్దన్నారు. తలకు నీలం టోపీ పెట్టారు. భయపడ్డానా అంటే భయపడ్డాను. నిజానికి నొప్పి లేదు. చుక్కలతో కన్ను మొద్దుబారింది, రెప్పలు మూసుకోకుండా చిన్న క్లిప్పు పెట్టారు. పైనుంచి ఏదో వచ్చి కంటి మీద గట్టిగా ఒత్తింది. కొన్ని క్షణాలు అంతా చీకటైపోయింది. ఆ చీకటే నన్ను ఎక్కువ భయపెట్టింది. డాక్టరమ్మ మాట వినిపిస్తూనే ఉంది, ఇంకొంచెం, ఇంకొంచెం అని. తర్వాత వెలుగు తిరిగొచ్చింది. "ఆకుపచ్చ దీపం చూస్తూ ఉండండి" అంది.

చూశాను. ఆ దీపం నెమ్మదిగా ఉబ్బింది, అంచులు కరిగాయి, లడ్డూ అంత అయ్యింది. నేను బల్ల మీద పడుకుని లేను, లాలాగూడ డాబా మీద ఉన్నాను, పక్కన అక్క ఉంది. వెంట్రుకలు మాడిన వాసన లాంటిది వచ్చింది. టకటకమని యంత్రం చప్పుడు. ఎవరో అంకెలు లెక్కపెడుతున్నారు. ఈ ఆకుపచ్చ లడ్డూను ఇక చూడనేమో అని దిగులేసింది. "అయిపోయింది" అన్నారు. రెండో కన్నూ అంతే.

లేచి కూర్చుంటే గది నిండా పలచటి పొగ ఉన్నట్టుంది. ఆ పొగలోనే ఎదురు గోడ మీద గడియారం ముళ్ళు కనిపించాయి. బయట అక్క నిలబడి ఉంది, చేతిలో నా కోసం చలవ కళ్ళజోడు, గొడుగు పట్టుకుని.

నాలుగు రోజులు అక్క ఇంట్లోనే ఉండాలన్నది అక్క షరతు. "మీ ఆయన చాయ్‌ల చక్కెరేసుడే మర్చిపోతడు, గంట గంటకు చుక్కలేం వేస్తడు" అంది. మొదటి మధ్యాహ్నం ఉల్లిపాయలు కోసినట్టు కళ్ళు మండాయి, నీళ్ళు ధారగా కారాయి. కొన్ని గంటల్లో తగ్గుతుందని ముందే చెప్పారు కాబట్టి ఓర్చుకున్నాను. తెరలు దించిన గదిలో నిద్ర వస్తూ పోతూ ఉంది. మధ్యమధ్యలో అక్క వేలు వచ్చి కింది రెప్పను లాగేది, చల్లటి చుక్క పడేది, వేలు వెళ్ళిపోయేది. ఏ చుక్కలు ఏ గంటకో గ్రాఫ్ కాగితం మీద గళ్ళు గీసి పెట్టుకుంది. ఏదైనా తినొచ్చని డాక్టరమ్మ అంటే, చీము పడుతుంది, వంకాయ పెట్టొద్దని అమ్మ ఫోన్లో అంది. అక్క అమ్మ మాటే విని బీరకాయ వండింది. కన్ను నలుపుకోబోతే మాత్రం బడిలో పిల్లలను కొట్టినట్టు చేతి మీద కొట్టేది.

దీపాలు పెట్టే వేళకు మంట తగ్గింది. కిటికీ దగ్గర నిలబడ్డాం. అక్క అద్దాలు తీసి వీధి చివరకు వేలు చూపించింది. "గదేందో చెప్పు."

"వీధి దీపం" అన్నాను. చుట్టూ ఒక వెలుగు వలయం ఉంది, కొన్ని వారాలు అలా ఉంటుందని చెప్పారు. అయినా మధ్యలో ఉన్నది దీపమే, కింద స్తంభం, స్తంభానికి కట్టిన కేబుల్ తీగలు. ఇంకేదో అందామని చూశాను, నోరు రాలేదు.

"గెల్చినవ్" అని అక్క నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

పడుకునే ముందు అక్క నా కళ్ళ మీద ప్లాస్టిక్ కప్పులు పెట్టి టేపు అంటించింది. మంచానికి ఎదురుగా కొత్త క్యాలెండర్ తగిలించి, "కండ్లు తెరవంగనే తారీఖు సదువు. ఎల్లెలకల పండుకో, పక్కకు తిరగకు" అంది.

నేను పక్కకు తిరిగే లేచాను. తెల్లవారి వెలుగు కిటికీలోంచి అప్పుడే మంచం మీదికి వస్తోంది. ప్లాస్టిక్ కప్పులకున్న చిన్న చిన్న చిల్లుల వెనక, మూరెడు దూరంలో, అక్క ముఖం. చిన్నప్పటి నుంచి పక్కపక్కన పడుకున్నాం. కానీ పడుకునేటప్పుడు ఇద్దరం అద్దాలు తీసేస్తాం, లేచాక ఇద్దరం పెట్టుకుంటాం. నిద్రపోతున్న అక్కను నేను ఎప్పుడూ స్పష్టంగా చూడలేదు. కణత దగ్గర తెల్ల వెంట్రుకలు. ముక్కుకు రెండు వైపులా అద్దాల నొక్కులు. ఎడమ కంటి కింద, సరిగ్గా ఆ లావు నల్ల ఫ్రేమ్ కూర్చునే చోట, వేలి గోరంత పొడుగు మచ్చ. రెండు కుట్ల గుర్తులు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి.

హెడ్మాస్టర్ ఫ్రేమ్ అని ఎన్నిసార్లు నవ్వానో అన్నీ గుర్తొచ్చాయి.

అక్క కదిలింది. కళ్ళు తెరవకుండానే తలగడ కింద చెయ్యి పెట్టి తడుముకుంటూ, "ఆఁ, చెప్పు, తారీఖెంత?" అంది.

"చూడలేదు."

"మరేం సూసినవే?"

నేను చెయ్యి చాపి ఆ మచ్చ మీద వేలు పెట్టాను. "ఆ రోజు అద్దాలు నేనే ఇయ్యలేదక్కా" అన్నాను.

తడుముకుంటున్న చెయ్యి ఆగిపోయింది. అక్క నా వైపు తిరిగింది. ఆ కళ్ళకు నేనొక మసక ముద్దనని నాకు తెలుసు.

"గా మచ్చ కనిపిస్తుందా నీకు?"

"కనిపిస్తుంది."

"అయితే ఆపరేషన్ మంచిగనే అయింది" అంది అక్క. "ఏడ్వకు, చుక్కల టైమయింది."