పులుసు చట్టిలో ముక్కల లెక్క

డయాలసిస్‌కు ముందు నా భార్య దగ్గర తీసిన రక్తం గొట్టంలో కాసేపు నిలవగానే పైన మీగడలా తెల్లగా తేలింది. నెల్లూరు ఆసుపత్రి నర్సమ్మ దాన్ని నాకు చూపించి, "తాతా, అవ్వ నూనెవి బాగా తింటదా?" అని అడిగింది. తర్వాత వచ్చిన కాగితంలోనూ అదే మాట: ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, మంచి కొలెస్ట్రాల్ తక్కువ.

నేను ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. మిగతా చదువు పాత పుస్తకాలు చూసి నాకు నేను నేర్చుకున్నదే. రక్తంలో కొవ్వు చేరేది తిండి వల్లేనని ఎక్కడో చదివాను. ఆ ఒక్క వాక్యం చాలు, దొంగ దొరికినట్టే అనుకున్నాను.

సముద్రం ఒడ్డున మైపాడులో పుట్టిన మనిషి చేపను వదిలి ఉండగలదా? మా ఇంట్లో పులుసు ఈ పూట కాచి మర్నాడు తింటాము, ముక్కకు పులుపు పట్టాలి గదా. ఆమెకు చేప మానిపించాను. నాకోసం కాచిన పులుసు దించగానే చట్టిలో ముక్కలు లెక్కపెట్టేవాణ్ణి, పొద్దున లేచి మళ్ళీ లెక్కపెట్టేవాణ్ణి. ఒక్కటీ తగ్గేది కాదు. దాంతో అనుమానం తీరాల్సింది పోయి ఇంకా ముదిరింది. పక్కింట్లో తింటున్నదేమో! ఒకరోజు అక్కడినుంచి రాగానే చెయ్యి పట్టుకుని వాసన చూశాను.

"ఏం మామా, పెళ్ళైన కొత్తల్లో కూడా ఇట్ట చెయ్యి పట్టుకోలేదే!"

"నవ్వబాక మే. ఏం తిన్న్యావు?"

"నీ తిట్లు."

వేపుళ్ళు, నెయ్యి, చివరికి గుడ్డు కూడా ఆపాను. రెండు నెలలకు గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. మళ్ళీ రక్తం తీశారు. మళ్ళీ అదే మీగడ. ఒళ్ళు మండిపోయింది. డాక్టరమ్మ గదిలోకి పోయి, "ఎవరి రక్తమో ఈమె పేరున రాశారు" అని నిలదీశాను. పదిహేను రోజులుగా ఆమె పూటపూటా తిన్నది కాగితం చూడకుండా అప్పజెప్పాను.

డాక్టరమ్మ చివరిదాకా విన్నది.

"పెద్దాయనా, రక్తం ఆమెదే. తప్పు మాత్రం ఆమెది కాదు. కిడ్నీలు పాడైతే ఒంట్లో కొవ్వు సరిగా ఖర్చు కాదు. తిండి తగ్గించినా డయాలసిస్ వాళ్ళలో చాలామందికి ఇట్టే ఉంటది. అసలే మిషన్ మీద మాంసకృత్తులు పోతా ఉంటే, మీరు చేప కూడా ఆపి ఆమెను ఎండగట్టినారు. ముక్క తిననీండి. పులుసు మాత్రం తక్కువ పొయ్యండి, ఒంట్లో నీళ్ళు, ఉప్పు చేరతాయి."

తిరుగు బస్సులో ఆ మాటలన్నీ ఆమెకు చెప్పాను.

మర్నాడు మధ్యాహ్నం రెండు ముక్కలు నేనే వడ్డించాను. ఆమె ముట్టుకోలేదు.

"ఆకలి లేదా?"

"నువ్వు చూస్తా ఉంటే గొంతు దిగదు. అటు తిరుగు."

గోడవైపు తిరిగి కూర్చున్నాను. తింటున్నదో, పిల్లికి వేస్తున్నదో! తల తిప్పబోయి ఆగాను. చాలాసేపటికి స్టీలు పళ్ళెం అంచున ముల్లు పెట్టిన చప్పుడైంది. రెండో ముక్క కోసం చెవి ఒగ్గి, అలాగే కూర్చున్నాను.