మిగిలిన మన్ను

మా నాయనకు నేలను పరీక్షించడం తెలుసు. గుంత తవ్వి, తీసిన మన్నును మళ్లీ ఆ గుంతలోనే పోయాలి. మన్ను మిగిలితే అక్కడ ఇల్లు కట్టినవాళ్లకు కలిసొస్తుంది, చాలకపోతే కలిసిరాదు. తొంభైల చివర్లో బెంగళూరు దగ్గర యలహంక అవతల ఇంటి సైటు కొనేదాకా ఈ విద్యతో ఆయనకు సొంతానికి పని పడలేదు.

సైటు చవగ్గా వచ్చింది. ఎందుకు చవకో కొన్న తర్వాత తెలిసింది. ఒకప్పుడు అక్కడ రాళ్లు కొట్టిన పెద్ద గొయ్యి ఉండేది. ఏళ్ల తరబడి బెంగళూరు చెత్త తెచ్చి అందులో పోసి, పైన ఎర్రమట్టి పరిచి సైట్లు గీశారు.

అమ్మకు ఇవేవీ పట్టలేదు. పెళ్లయినప్పటి నుంచీ ఊరి మధ్య మగ్గాల పేటలోని వఠారంలో, ఒక వరసలో ఉన్న అద్దె ఇళ్లన్నిటికీ ఒకే కొళాయి ఉన్న చోట, బిందె పట్టుకుని నిలబడిన మనిషి. సొంతింటి పెరట్లో నాటాలని డాల్డా డబ్బాలో కరివేపాకు మొక్క పెంచుతోంది. వేర్లు డబ్బాలోంచి బయటికొస్తున్నా నేలలో పెట్టదు. ఓనరు నేలలో పెడితే అది ఓనరుదైపోతుందని ఆమె బాధ.

మట్టి పరీక్షలు చేసే ఇంజినీరు స్నేహితుణ్ణి నేను పిలిచాను. అతని మనుషులు ఒక మూల బోరు దింపుతుంటే, ఇంకో మూల నాయన పారతో గుంత తీశారు. ఎర్రమట్టి జానెడే. కింద నల్లటి మన్ను, గాజు పెంకులు, అణిగిపోయిన ప్లాస్టిక్ కవర్లు. పైకి రాగానే ఆ కవర్లు పొంగాయి. తీసినదంతా తిరిగి పోస్తే గుంత నిండి, పక్కన ఇంకా కుప్ప మిగిలింది.

"చూస్తివా, ఎంత మిగిలిందో. ఇట్లాంటి నేల పేటలో ఎవురికీ దొరకలేదప్పా," అన్నారు నాయన. నీళ్లు చూడ్డానికి పిలిపించిన మనిషి అరచేతిలో కొబ్బరికాయ కూడా నిటారుగా లేచి నిలబడింది.

స్నేహితుడు వద్దంటాడనుకున్నాను. "కట్టకూడదని చెప్పలేనురా," అన్నాడు. "పునాది బాగా లోతుకు దింపితే కట్టొచ్చు. చెత్త కుళ్లేకొద్దీ నేల దిగుతుంది, ఎంత దిగుతుందో చెప్పలేను. గ్యాస్ రావచ్చు, రాకపోవచ్చు."

నాకు ఒళ్లు మండింది. చదువుకున్నవాడేమో రావచ్చు, రాకపోవచ్చు అంటాడు. చెత్తకుప్పేమో నాయన దగ్గర ఫస్టు క్లాసులో పాసయింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది నా పని.

బోరులోంచి తోడిన నీళ్లు సీసాలో లేత టీ రంగులో ఉన్నాయి. ల్యాబుకు పంపుతానని, ఈలోగా ఎవరూ నోట పెట్టొద్దని స్నేహితుడు చెప్పాడు. అమ్మ వాసన చూసి సీసా తిరిగి ఇచ్చేసింది.

"టెంకాయ నిలబడె గదా," అన్నారు నాయన.

"నీళ్లుండాయని నిలబడింది. తాగమని యాడ చెప్పింది?" అంది అమ్మ.

తర్వాత ఆమె మిగిలిన కుప్పలో చెయ్యి పెట్టి, మన్ను పట్టిన దారాల ముద్ద ఒకటి లాగింది. దులిపితే ఎరుపు, పసుపు, నెమలికంఠం రంగు. మగ్గాల కింద ఊడ్చి పారేసే పట్టు పోగులు. నాయన చేతిలోకి తీసుకుని పోగులు విడదీసి చూశారు. "మన పేట కసువే," అన్నారు.

"దినామూ పొద్దున నేను ఊడ్చి పారేసింది గూడా దీంట్లోనే ఉండాది," అంది అమ్మ. "మళ్లా దీని మీదనే పొయ్యి పెట్టాల్నా?"

మేం కట్టలేదు. చుట్టుపక్కల వాళ్లు కట్టారు. కొన్ని గోడలు బీటలిచ్చాయి, కొన్ని ఇళ్లు ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నాయి. ఆ దారిన వెళ్లినప్పుడల్లా మేం చేసింది తెలివో పిరికితనమో నాకు అంతుపట్టదు. నాయన మాత్రం పరీక్ష తప్పలేదనే అనేవారు. మన్ను మిగిలింది, మనకే ప్రాప్తం లేదు, అంతే.

సైటు నుంచి తిరిగొచ్చిన సాయంత్రం అమ్మ డాల్డా డబ్బాను రాయితో కొట్టి చీల్చింది. కరివేపాకు మొక్కను వఠారం కొళాయి పక్కన, ఓనరు నేలలో నాటింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

"అట్ల నిలబడకుండా చెంబుడు నీళ్లు తెచ్చి పొయ్యప్పా," అంది.