తెల్ల గట్టు మీద చింతపండు

అందరూ నల్ల గ్రానైట్ వేయించుకోమన్నా, నేనే పట్టుబట్టి వంటగట్టుకు తెల్ల మార్బుల్ వేయించుకున్నాను. దాన్ని చూసుకోవడం నాకు బాగా వచ్చు. మెత్తటి తడిబట్టతో తుడవాలి, పులుపు తగలనివ్వకూడదు. నిమ్మకాయ కూడా పళ్లెంలోనే కోస్తాను.

ఈ రోజు శుక్రవారం. కొన్నాళ్లు ఉందామని వర్ధన్నపేట నుంచి వచ్చిన మా మేనత్త, నేను స్నానం చేసి వచ్చేలోపు పూజ సామానంతా చింతపండుతో గట్టు మీదే తోమేసింది. ఇత్తడి దీపాలు ధగధగలాడుతున్నాయి. వాటి కింద నా రాయి మెరుపు పోయి, రెండు గుండ్రటి మచ్చలు పడ్డాయి.

"అత్తా, పులుపు తగిలితే ఈ రాయి ఖరాబైతది," అన్నాను.

ఆమె కొంగుతో ఓసారి తుడిచి చూసింది. "గింత దానికి ఫికరెందుకే? ఇన్నొద్దులు దుకాణంల పెట్టిన రాయి లెక్క ఉండె. ఇప్పుడు వంటిల్లు లెక్క కనవడుతాంది."

పాలిష్ చేసే అతనికి ఫోన్ చేస్తే, రుద్దితే పోతాయన్నాడు. ఎప్పుడు రమ్మంటారని అడిగాడు. గట్టు వైపు ఇంకోసారి చూసి, ఇప్పుడే వద్దన్నాను.

వచ్చే శుక్రవారం మాత్రం సామాను తోమడానికి అత్తకు నీళ్ల నల్లా దగ్గరే పీట వేస్తాను. మీ వంటగట్టు మీద ఉన్న మచ్చ ఎవరిది?