అడవిలో వదిలిన గుడ్డు

గాలి సోకడం, దిష్టి తగలడం లాంటివి నేను ఏనాడూ పట్టించుకున్న మనిషిని కాదు. కాకినాడలో చదువుకునే రోజుల్లో, ఎవరో ఉరేసుకున్నారని ఖాళీగా పడి ఉన్న ఇంట్లో చవగ్గా వస్తుందని అద్దెకు దిగి, పరీక్షలన్నీ అక్కడే చదివాను. హాయిగా నిద్ర పట్టేది. ఇప్పుడు ఐర్లండ్‌లో, నేస్ ఊళ్లో ఉంటూ సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటున్నాను. ఈ అనుభవం రాస్తున్నది ఎవరినీ భయపెట్టడానికి కాదు. నాకు అప్పుడూ భయం వెయ్యలేదు. సిగ్గు మాత్రం ఇప్పటికీ పోలేదు.

మా అబ్బాయి ఆదికి ఐదేళ్లు. మొన్నటి చలికాలంలో ఒక రోజు స్కూలు నుంచి వచ్చేసరికి వాడి ఎడమ చెయ్యి గుప్పిట బిగించి ఉంది. ఏ చాక్లెటో దాచుకున్నాడనుకుని నవ్వాం. రాత్రి అన్నం దగ్గరా అలాగే ఉంది. మర్నాడు పొద్దున లేచేసరికీ అలాగే ఉంది.

"తెరవరా నాన్నా" అంటే వాడు చేతికేసి చూసి, "డాడీ, ఇట్ వోంట్ ఓపెన్" అన్నాడు. నొప్పి అనలేదు, ఏడవలేదు. తన చెయ్యి కానట్టు చూశాడు.

వారాలు గడిచాయి. నిద్రలో కూడా ఆ పిడికిలి వదలలేదు. గోళ్లు అరచేతిలో దిగబడి పుండు పడితే, నా భార్య శిరీష వేళ్ల సందుల్లోంచి నూనె గుడ్డ దూర్చి తుడిచేది. మా ఊరి ఫ్యామిలీ డాక్టరు చూశాడు. ఆయన డబ్లిన్‌లో పిల్లల ఆసుపత్రికి పంపాడు. ఎక్స్-రేలు తీశారు, నరాలు పరీక్షించారు. ఎక్కడా లోపం లేదు, చెయ్యి గ్రాండ్, అంటే భేషుగ్గా ఉంది, అన్నారు. స్కూల్లో కానీ ఇంట్లో కానీ బాబుని ఏదైనా బాధపెడుతోందా అని డాక్టరు చాలా మర్యాదగా అడిగింది. మేమిద్దరం ఏదో నేరం చేసి దొరికిపోయినవాళ్లలా కూర్చున్నాం.

ఆ ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే శిరీష ఉప్పూ ఎండు మిరపకాయలూ తిప్పి పొయ్యి మీద వేసింది. పొగ అలారం మా ఇళ్ల ఎస్టేటంతా వినిపించేలా మోగింది. పక్కింటాయన చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరిగెత్తుకొచ్చి, పోలీసులకీ ఫైర్ బ్రిగేడ్‌కీ ఫోన్ చెయ్యమంటారా అని అడిగాడు. కూర మాడిందని చెప్పి పంపించాను. మిరప ఘాటుకి ఆయన దగ్గుకుంటూ వెళ్లాడు.

"ఈ మూఢనమ్మకాలతో పరువు తీస్తున్నావు" అని శిరీష మీద అరిచాను.

"పరువు మీరు చూసుకోండి. నాకు వాడి చెయ్యి కావాలి" అంది తను.

ఆ మాట వల్లే తర్వాత గుడ్డుతో దిష్టి తీద్దామని తనంటే కాదనలేకపోయాను. తీసిన గుడ్డుని నాలుగు దారులు కలిసే చోట పగలగొట్టాలి. మా ఎస్టేట్‌లో కూడలి అంటే ప్రతి గుమ్మానికీ కెమెరా ఉన్న కూడలి. బ్యాంక్ హాలిడేకి ఎలాగూ వెక్స్‌ఫర్డ్ వైపు సముద్రానికి వెళ్దామనుకున్నాం. ఆ బీచ్ వెనకంతా పైన్ చెట్ల అడవి, అందులో నడిచే దారులుంటాయి. అక్కడైతే ఎవరూ చూడరు కదా అని నేనే అన్నాను.

అది ఈస్టర్ వారాంతం. ఆ సంగతి నాకు తెలియక కాదు, సెలవు వచ్చిందే అందుకు.

కారు పార్కింగులో నాలుగైదు కార్లున్నాయి. కొందరు పిల్లలు బుల్లి బుట్టలు పట్టుకుని అడవిలోకి పరిగెత్తుతున్నారు. పెద్దవాళ్లు చెట్ల మొదళ్లలో చాక్లెట్ గుడ్లు దాస్తే వెతుక్కునే ఆట. ఇదంతా కళ్లతో చూశాను. అయినా నా తలకి ఎక్కలేదు.

శిరీష కారు వెనక సీట్లోనే పని కానిచ్చింది. గుడ్డుకి ఇంటి దగ్గరే పసుపు రాసి, కుంకుమ బొట్లూ కాటుక చుక్కలూ పెట్టి తెచ్చింది. ఆది చుట్టూ తిప్పి నా చేతిలో పెట్టింది. "కూడలి చూసి గట్టిగా నేలకేసి కొట్టండి. వెనక్కి మాత్రం చూడకండి" అంది.

నేను దాన్ని కోటు జేబులో పెట్టుకుని నడిచాను. ఆ అడవి చాలా నిశ్శబ్దంగా ఉంది. కింద ఇసుక, ఇసుక మీద ఎండిన పైన్ ఆకులు, అందుకే నా అడుగుల చప్పుడు నాకే వినపడలేదు. మా కాకినాడలో సముద్రమంటే బజ్జీల బళ్లు, ఈలలు, జనం. ఇక్కడ అలల శబ్దం కూడా చెట్ల అవతల నుంచి సన్నగా వస్తోంది. కొంచెం దూరం పోయాక రెండు కాలిదారులు ఒకదాన్నొకటి దాటే చోటు కనిపించింది.

గుడ్డు బయటికి తీశాను. అప్పుడే కుక్కతో ఎవరో వస్తున్నట్టు మాటలు వినపడ్డాయి. గుడ్డు పగలగొట్టి, ఆ సొనా కుంకుమా కాళ్ల దగ్గర పెట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి వాళ్లేమనుకుంటారు? ఆఫీసులో బ్యాడ్జి వేసుకుని తిరిగేవాణ్ణి, ఇదా నేను చేస్తున్నది? చటుక్కున వంగి, గుడ్డుని పైన్ ఆకుల మీద ఒక వేరు పక్కన పెట్టేసి నడవడం మొదలుపెట్టాను. ఎదురొచ్చిన ముసలాయనకి "లవ్లీ డే" అని కూడా చెప్పాను.

కాస్త దూరం వచ్చాక వెనక నుంచి ఒక చిన్నపిల్ల గొంతు వినిపించింది. "మమ్మీ! ఐ ఫౌండ్ వన్!"

వెనక్కి చూడలేదు. శిరీష చూడొద్దంది కాబట్టి చూడలేదని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. వాళ్లు దాచిన వాటిలో ఏదో దొరికి ఉంటుందనీ చెప్పుకున్నాను.

బీచ్‌లోకి వచ్చేసరికి శిరీష ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని ఏడుస్తోంది. దగ్గరికి వెళ్తే ఆది వైపు వేలు చూపించింది. ఆది తడి ఇసుక తవ్వుతున్నాడు. రెండు చేతులతో తవ్వుతున్నాడు. నన్ను చూసి రెండు చేతులూ ఎత్తి, "డాడీ, లుక్, అ మోట్!" అన్నాడు. కోట చుట్టూ కందకం తవ్వుతున్నాడట.

వాడి అరచెయ్యి తెల్లగా, నాని ఉంది. మధ్యలో గోళ్ల మచ్చలు. ఆ చేతిని ఎన్నిసార్లు ముద్దు పెట్టుకున్నానో. ఆ రోజు కంటే పెద్ద సంతోషం నాకు తెలియదు. అది కూడా దాచకుండా చెప్పాలి.

మధ్యాహ్నం దాటాక వెనక్కి వచ్చాం. మా కారు పక్క కారు దగ్గర పసుపు రంగు రెయిన్‌కోటు వేసుకున్న పాప నిలబడి ఉంది, ఆది కంటే కొంచెం పెద్దది. వాళ్ల నాన్న ముందర గొంతుక్కూర్చుని, "కమ్ ఆన్ నౌ, షో మీ" అంటూ నవ్వుతూ ఆ పాప ఎడమ చెయ్యి తెరవబోతున్నాడు. తెరవడం రావట్లేదు. గుప్పిట్లో ఇంకా ఏదో దాచుకుంది, చూపించట్లేదు అని వాళ్లమ్మ మాకేసి చూసి నవ్వుతూ చెప్పింది.

అడవిలో పాపకి దొరికింది ఆవిడ చేతిలోనే ఉంది. పసుపు రాసి, కుంకుమా కాటుకా చుక్కలున్న గుడ్డు, ఎక్కడా చిట్లకుండా. "ఎవరు వేశారో, ఎంత బాగుందో కదా" అంది.

శిరీష ఆ గుడ్డుని చూసింది, నన్ను చూసింది. ఆదిని సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టింది. నేను కారు తీశాను.

పెద్ద రోడ్డు ఎక్కాక, "పగలగొట్టలేదా?" అంది శిరీష.

"లేదు. మనుషులొచ్చారు."

"వెనక్కి వెళ్దామా?" అని నేనే అడిగాను. తను వెనక సీటుకేసి తిరిగింది. ఆది ఎడమ చేత్తో బిస్కెట్లు తింటున్నాడు. శిరీష వాణ్ణి అలా చూస్తూ, "ఇంటికి పోనివ్వండి" అంది. పోనిచ్చాను. ఆ తర్వాత మా ఇంట్లో ఈ మాట ఎవరం ఎత్తలేదు.

వేసవిలో ఆది చెయ్యి ఒకసారి చూస్తామని డబ్లిన్ ఆసుపత్రి వాళ్లు రమ్మన్నారు. శిరీషకి సెలవు దొరకలేదు, నేనే తీసుకెళ్లాను. పిల్లలు కూర్చునే చోట బొమ్మల పెట్టె దగ్గర ఆ పాప ఉంది. కోటు లేకపోయినా గుర్తుపట్టాను. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కుడి చేత్తో బొమ్మలు తీస్తోంది. మూసిన పిడికిలికి మెత్తటి గుడ్డ చుట్టి ఉంది.

లేచి వెళ్లిపోదామనుకున్నాను. ఈలోపే నర్సు మమ్మల్ని పలకరిస్తూ, "చెయ్యి బాగైపోయిందిగా!" అని ఆదితో గట్టిగా అనేసింది. ఆ పాప తల్లి గబుక్కున తల ఎత్తింది. మేము ఎవరమో ఆవిడకి గుర్తు లేదు. పక్కకి వచ్చి కూర్చుని, మీ బాబుకీ ఇలాగే ఉండేదా అని అడిగింది. ఉండేదన్నాను. కళ్లు వాచి ఉన్నాయి ఆవిడకి. మనిషి సగమైపోయింది.

"ఎలా తగ్గింది? మీరేం చేశారు?" అంది.

"ఏమీ చెయ్యలేదు. దానంతట అదే తగ్గింది" అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని థ్యాంక్స్ చెప్పింది. ఎన్ని నెలలుగానో ఎవరూ ఇంత మంచి మాట చెప్పలేదంది. కూతుర్ని పిలిచి, "చూశావా, ఈ అబ్బాయికీ నీలాగే ఉండేదట. నీకూ తగ్గిపోతుంది" అంది.

ఆ పాప ఆదిని చూడలేదు. నన్నే చూసింది. "మమ్మీ, దట్స్ ద ఎగ్ మ్యాన్. హీ హిడ్ ద ఎగ్ ఇన్ ద వుడ్స్" అంది.

అంటే చెట్ల వెనక నుంచి నన్ను చూసిందన్నమాట.

"వాట్ ఎగ్, లవ్?" అని తల్లి నాకేసి తిరిగింది. అనుమానంతో కాదు, ఊరికే నవ్వుతూ అడిగింది. అప్పుడు చెప్పొచ్చు. ఆ గుడ్డు నాదేనమ్మా, మా దేశంలో ఇలా చేస్తారు, మీ పిల్లకి దొరుకుతుందనుకోలేదు, క్షమించండి అని.

"సారీ, నాకు తెలియదు. ఎవర్ని చూసి నేననుకుందో" అన్నాను.

ఆవిడ కూతురికి మెల్లగా నచ్చజెప్పింది. అలా తెలియనివాళ్ల మీద చెప్పకూడదంది, సారీ చెప్పమంది. ఆ పాప కాసేపు నన్ను చూసి, తలవంచుకుని సారీ చెప్పింది. నేను "నో బాదర్, పర్లేదు" అన్నాను. అంతలో ఆది పేరు పిలిచారు. వాడి ఎడమ చెయ్యి పట్టుకుని లోపలికి నడిచాను.

ఆ చేతుల సంగతేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. డాక్టరుని మాటల్లో పెట్టి అడిగితే, పిల్లల్లో ఇలాంటివి అప్పుడప్పుడూ వస్తుంటాయి, పోతుంటాయి అంది. అదే నిజం కావచ్చు. దిష్టి మీద నాకు నమ్మకం లేదని ఇప్పుడు అడిగినా చెప్తాను. మరి నమ్మకం లేనివాణ్ణి, ఆ గుడ్డు నాదేనని ఒప్పుకోవడానికి నాకేం అడ్డొచ్చింది? ఆ చిన్నపిల్ల చేత సారీ ఎందుకు చెప్పించుకున్నాను?